పిటిషన్‌లో ఏడో ఆరోపణ

11 సెప్టెంబర్ 2024, బుధవారం

రిజిస్టర్ పోస్టులో కోర్టు సమన్లు. ఇరవై ఏడేళ్లుగా కిరాయికి ఉంటున్న ఇల్లు ఖాళీ చేయించమని రెంట్ కంట్రోలర్ దగ్గర కేసు. పిటిషనర్ రబియా బేగం. అంటే పైపోర్షన్‌లో ఉండే మా ఓనరమ్మ, మా భాభీ. మా మధ్య పదమూడు మెట్లు. ఖాళీ చేయమన్న మాట మాత్రం జమ్మికుంట నుంచి కోర్టుకు పోయి, పోస్టాఫీసులన్నీ తిరిగి మళ్లీ జమ్మికుంటకే వచ్చింది.

నీ కోతి వేషాలకు ఎన్నడన్న గిట్లయితదని నేను చెప్పలేదా అని అనసూర్య నా మీద లేచింది. చెప్పింది. పెళ్లయినప్పటి నుంచీ రోజూ చెప్పింది.

12 సెప్టెంబర్, మధ్యాహ్నం

కాగితాలు మొత్తం చదివాను. ఏడో తరగతి ఫెయిలైనవాడికి అదే పెద్ద పరీక్ష. రెండు కారణాలు రాశారు. ఒకటి, కొడుకు ఫైజల్‌కు సెల్‌ఫోన్ల దుకాణం పెట్టుకోవడానికి జాగా కావాలి. రెండు, పరశురాములు అనే నేను న్యూసెన్స్. దాని కింద నంబర్లు వేసి తొమ్మిది ఆరోపణలు.

మూడు: ఓనర్ తలుపుకు "ఇచ్చట పళ్లు పీకబడును" అను బోర్డు తగిలించుట. నిజమే. మర్నాడు పొద్దున్నే పల్లెల నుంచి ముగ్గురు బుగ్గలు వాచి మెట్ల మీద కూర్చున్నారు. భాభీ భర్త మక్బూల్ సాబ్ లుంగీ మీద బయటికి వచ్చి చూశాడు. పాపం దూరం నుంచి వచ్చారని తలా ఒక లవంగం ఇచ్చి పంపించాడు.

ఐదు: మక్బూల్ సాబ్ తన పరుపుల దుకాణంలో నిద్రపోతుండగా ఆయనను పరుపుతో సహా మోసుకుపోయి పత్తి మార్కెట్ కాంటా మీద తూకం వేయించుట. సంవత్సరం తప్పు రాశారు. అసలు సంగతి వదిలేశారు. కాంటా మీద కళ్లు తెరిచి ఆ మనిషి ఏమన్నాడు? తేమ లేదు, జర మంచి రేటు కట్టుండ్రి అన్నాడు! యార్డు యార్డంతా పడి నవ్వింది.

అనసూర్య చూస్తుందని స్నానాల గదిలోకి పోయి మళ్లీ చదివి నవ్వాను.

ఏడు దగ్గర నవ్వు ఆగింది.

13 సెప్టెంబర్

ఏడు: రహస్యంగా స్విచ్ బిగించి పదేళ్లకు పైగా ప్రతి సాయంత్రం నాలుగింటికి పిటిషనర్ కాలింగ్ బెల్ మోగించి పరారగుట.

ఇది నా ఒక్కడి పని కాదు. మక్బూల్ సాబ్‌కు షుగర్ వచ్చాక భాభీ చక్కెర డబ్బాకు తాళం వేసింది. అరే పర్శ, నువ్వు మోటార్లు చుట్టెటోనివి, నాకొక బెల్ బిగియ్యవా అన్నాడాయన. స్విచ్ నా వైండింగ్ బల్ల కింద. నేను నొక్కితే పైన మోగేది. ఎవలో వచ్చిండ్రు, చూసొస్త అని దిగేవాడు. ముందు గదిలో నా స్టూలు మీద కూర్చుని రెండు చెంచాల చక్కెరతో చాయ్ తాగి, మూతి తుడుచుకుని పైకెక్కేవాడు. ఆ పావుగంటలో ఎన్ని అబద్ధాలు, ఎన్ని ప్లాన్లు!

షుగర్‌తో ఆయన కాలి వేలు తీసేసినప్పుడు నేను వారం రోజులు బెల్ నొక్కలేదు. ఆయనే కుంటుకుంటూ దిగొచ్చి, కరెంట్ లేదారా అన్నాడు. మళ్లీ నొక్కాను. ఆయన పోయి ఏడాదిన్నర. డాక్టర్ గుండె అన్నాడు. షుగర్ వల్లనా అని నేను అడగలేదు.

3 అక్టోబర్

మా వకీలు ఓంప్రకాశ్ నా పిటిషన్ కాపీ చూసి తల కొట్టుకున్నాడు. తప్పు రాసినచోటల్లా పెన్నుతో దిద్దాను కదా. కౌంటర్ అంటే నీ గొప్పలు చెప్పుకునుడు కాదయ్యా, అన్నీ అబద్ధమని రాయాలె అన్నాడు. కాంటా సంగతి కూడానా అని అడిగాను. కాంటా సంగతి కూడా అన్నాడు. సంతకం పెట్టాను. ఇల్లు కావాలి కదా. ఆ రోజులేవీ జరగలేదని సంతకం పెట్టాను.

18 నవంబర్

నోరు జారి ఓంప్రకాశ్‌కు చాయ్ సంగతి చెప్పాను. కుర్చీలోంచి లేచాడు. ఓనర్ అడిగి పెట్టించుకున్న బెల్ న్యూసెన్స్ ఎట్లయితది, గిదొక్కటి చాలు అన్నాడు. వద్దన్నాను. మొగుడు పదేళ్లు మోసం చేశాడని భాభీకి కోర్టులో చెప్పాలా? అయితె సామాన్లు సర్దుకో అన్నాడు.

ఇంటికొచ్చి చెప్పాను. ఇన్నేళ్లలో మొదటిసారి అనసూర్య నా మాటకు సరే అంది.

22 డిసెంబర్

మెట్ల దగ్గర ఫైజల్ ఎదురయ్యాడు. అలవాటు కొద్దీ సలాం చాచా అనేసి నాలుక కరుచుకున్నాడు.

6 ఫిబ్రవరి 2025, రాత్రి

ఇవాళ భాభీ బోనెక్కింది. ఓంప్రకాశ్ ఒక్కొక్క నంబరే అడిగాడు. కాంటా దగ్గర ఆమె దుపట్టా నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడు దగ్గర ఓంప్రకాశ్ నా దిక్కు చూశాడు. వద్దని తల ఊపాను. పళ్లు కొరుక్కుని, మీ ఆయన ఎన్నడన్న గా బెల్ మీద కంప్లైంట్ జేసిండా అమ్మా అని మాత్రం అడిగాడు.

ఆయనెందుకు జేస్తడు సార్, చాయ్ కోసం ఆయన పెట్టించుకున్నదే గద అంది.

నీకు తెలుసా అని జడ్జి గారే అడిగారు. పెండ్లాన్ని, తెల్వదా సార్ అంది. బెల్ మోగంగనే గా చక్కెరకు సరిపోవాలని ఒక పిండి ముద్ద పక్కకు పెడ్తుంటి, మూడు రొట్టెలు తినెటోనికి రెండే జేస్తుంటి, దొంగచాయ్ తాగినోడు మూడోదేదని అడుగకపోతుండె అంది. మరి ఇవన్నీ పిటిషన్‌లో ఎందుకు రాయించావంటే, మా వకీలు సాబ్ ఈన జేసినయన్ని చెప్పుమన్నడు, యాదికున్నయి చెప్పిన, చెప్తుంటె మంచిగనిపిచ్చింది అంది.

వాళ్ల వకీలు ఫైలు మూసేశాడు.

తిరిగి వచ్చేటప్పుడు అందరమూ ఒకే బస్సు. భాభీ, అనసూర్య ఒక సీట్లో కూర్చుని ఏదో చెప్పుకుంటూ కళ్లు తుడుచుకున్నారు. నేనూ ఫైజలూ డోరు దగ్గర నిలబడ్డాం. చాచా, నాకు ఇల్లొద్దు, ముందటి రూమొక్కటే కావాలె, వకీలే మొత్తం రాసిండు అన్నాడు. గీ ముక్క దిగొచ్చి నన్నే అడుగరాదురా అన్నాను.

అడిగితె నవ్వులాట జేస్తవ్ చాచా అన్నాడు.

నిజమే, చేసేవాణ్ణే.

23 ఫిబ్రవరి, ఆదివారం

కేసు వాపస్. నా వైండింగ్ మిషన్‌ను ఇంటి వెనక రేకుల కిందికి మార్చి, ముందు గది నేనే ఖాళీ చేశాను. గోడకు రాగి తీగ చుట్టలు తగిలించిన మేకులు పదహారు మిగిలాయి. పీకబోతే ఫైజల్ నా చేతిలోంచి పట్కారు తీసుకున్నాడు. ఉండనీ చాచా అన్నాడు.