ఈరోజు మన చేలోనే

ఏమండీ, రాత్రంతా నీళ్లు కట్టి వచ్చారని లేపలేదు. పాలు కాచి మూత పెట్టాను. పిల్లి ఇక్కడిక్కడే తిరుగుతోంది, వంటింటి తలుపు వేయడం మరిచిపోకండి. దూడకు కుడితి పెట్టండి. అత్తయ్యకు మాత్ర ఏదైనా తిన్నాకే ఇవ్వండి, ఎంత తొందరపెట్టినా సరే.

నన్ను కూలికి పిలవడానికి కూలీల మేస్త్రి పిన్ని వస్తుంది. అలవాటుకొద్దీ "ఇప్పుడే బయల్దేరింది" అనేయకండి. ఈరోజు రానని చెప్పండి. మొహం మాడ్చుకుంటే మాడ్చుకోనివ్వండి. నా ఖాతాలో సాయం డబ్బు పడింది కదా, సరుకుల కోసం కూలికని ఆవిడ వెనక పరుగెత్తక్కర్లేదు. ఏటా అందరి చేలూ శుభ్రం చేసి వచ్చేసరికి మన చేలో కలుపు పైరును మింగేసేది. ఈసారి అదునులోనే తీస్తాను.

ఆ డబ్బుతో కొత్త ఫోను కొందామని మీరు నసిగితే కసిరాను. మళ్లీ అన్నా కసురుతాను. కానీ రాత్రి చేనుకు వెళ్లేముందు నా కొడవలికి పదును పెట్టి గుమ్మం పక్కన ఉంచారు. చూశాను లెండి.

మధ్యాహ్నం క్యారేజీ మీరే తీసుకురండి. కాళ్లు లాక్కెళ్లాయని నేను ఎప్పుడూ కూలికెళ్లే పెద్దరైతు చేను వైపు పోయేరు, నేను మన గట్టు మీదే ఉంటాను.

ఇంకోటి. కాపురానికి వచ్చినప్పటి నుంచీ కలుపు రోజుల్లో మన చేనును చీకటి పడే వేళే చూశాను. పొద్దుటి ఎండలో అది ఎలా ఉంటుందో నాకు తెలియదు. అందుకే టీ కూడా తాగకుండా పోతున్నాను.