గంగులయ్య చేన్లో ఒక దినం

మదనపల్లె, 2-11-1997

ప్రియమైన వెంకటమునికి,

ఈ జాబు రాయకుండానే ఊరుకుందామనుకున్నా. నీ మీది కేసు కొట్టేసినారని మా చెల్లెలు కాంతమ్మ కబురు పంపనే పంపింది. అయినా ఇన్నేండ్లు బస్సులో ‘టికెట్ టికెట్’ అని అరిచిన కండక్టరు నోరు ఊరికే ఉంటుందా?

పుంగనూరు కోర్టులో నిన్ను ‘అక్విట్’ చేసినారు కదా, ఆ మాట డిక్షనరీలో వెతికినా. ఇంగ్లీషోళ్ళు దాన్ని ఫ్రెంచోళ్ళ దగ్గర తెచ్చుకున్నారంట. కుప్పమోళ్ళు అరవ మాటలు తెచ్చుకున్నట్టే. ఒకటీ వాపసు ఇయ్యలేదు. మొదట్లో దానర్థం బాకీ తీరిపోయి నిమ్మళంగా ఉండడమంట. కోర్టులోకి తర్వాత వచ్చింది.

గంగులయ్య గడ్డివామికి నువ్వు నిప్పు పెట్టలేదని నాకు ముందే తెలుసు. ఇప్పుడు గవర్నమెంటుకూ తెలిసింది. నిమ్మళంగా చెనిక్కాయ పెరుక్కో.

మీ బావ,
నారాయణప్ప

పల్లె నుంచి, 6-11-1997

ప్రియమైన బావకు నమస్కారాలు.

నిమ్మళం యాడుండాది బావా? ‘సాక్షి మాట మార్చినాడు, వీడు బయటపడినాడు’ అంటాండారు ఊరోళ్ళు. ఏటా వాళ్ళ చేన్లో మేమొక దినం, మా చేన్లో వాళ్ళొక దినం బదులుకు పెరికేవాళ్ళం కదా. ఈసారి ఒక్కరూ రాలేదు. ‘నీ చేన్లో దిగితే గంగులయ్యకు ఏం మొగం పెట్టుకొని కనపడేది?’ అని పక్క చేను రెడ్డెప్ప మొగం మీదనే అనేసినాడు. కూలోళ్ళదీ అదే మాట.

తూర్పున మోడం పట్టుకొనుండాది. తడిస్తే కాయ భూమిలోనే మొలకెత్తిపోతాది. మేమిద్దరం పెరికితే ఎప్పటికి అయ్యేను? ఊరిడిసి కుప్పం క్వారీలకు పోదామంటాది మీ చెల్లెలు. దీనికేమన్నా ఉండాదా నీ డిక్షనరీలో?

నీ
వెంకటముని

మదనపల్లె, 8-11-1997

ప్రియమైన మునీ,

లేదు. వెతికినా.

ఈ జాబు అందిన మర్నాడు పొద్దున్నే పోయి గంగులయ్య చేన్లో దిగు. పిలవలేదంటావు. బదులుకు పిలుపు యాలప్పా? తరిమితే తరమనీ. నువ్వొక్కడివే పో. పెద్దమండ్యం రూట్లో ఒక ముసలాయన ఇట్లాగే... సరే, అది చాలా దూరం పోతుంది, వదిలెయ్. మాట తగువు పెట్టుకోవద్దు. ఊరు మాత్రం విడవద్దు. విడిచినావంటే ‘నేనే పెట్టినా’ అని చెప్పినట్టే.

మీ బావ,
నారాయణప్ప

పల్లె నుంచి, 12-11-1997

ప్రియమైన బావకు,

నువ్వు చెప్పినట్టే పోయినా. ‘ఎవురు పిలిస్తే వచ్చినావు?’ అన్నాడు గంగులయ్య గట్టు మీద నుంచి. నేను వంగి పెరకబట్టినా. ‘కోర్టు ఇడిసినా నేను ఇడవలేదు, తెలుసుకో’ అన్నాడు. ఆడోళ్ళు నా పక్క సాలు వదిలేసి దూరంగా పెరికినారు. మధ్యాన్నం అందరికీ సంగటి పెట్టినారు, నాకు పెట్టలేదు. పొద్దు గూకేదాకా పెరికి ఇంటికొచ్చినా. మీ చెల్లెలు నిన్ను తిట్టిన తిట్లు జాబులో రాసేవి కావు.

మర్నాడు మా చేన్లో మేమిద్దరమే ఉండాము. చినుకులు మొదులైనాయి. గంగులయ్య వచ్చినాడు.

‘నీ దినం నా మీద ఉంచుకోను. రేపు నలుగురిలో అంటావు.’

‘అననప్పా.’

‘నువ్వు అనకపోతే మాత్రం? నాకుండదా?’ అంటా సాలు పట్టినాడు.

ఆయన దిగింది సూసి రెడ్డెప్ప ఇంటోళ్ళు దిగినారు. ఎనకాలే ఇంకొందరు. చినుకులు నిలిచినాయి. మధ్యాన్నానికి సగం చేను అయింది. వామి మాట ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆయనకు అనుమానం పోయిందని మాత్రం రాయలేను బావా.

సంగటి తిన్నాక గంగులయ్య బీడీ నోట్లో పెట్టుకొని జేబు తడుముకున్నాడు. ‘అగ్గిపెట్టె ఉండాదా మునీ?’ అన్నాడు. ఇచ్చినా. ముట్టించుకొని మళ్ళీ నా చేతికిచ్చినాడు.

నీ
వెంకటముని