అది పాలపన్ను కాదు

చిరంజీవి వాగుడుకాయకు అమ్మ దీవించి రాస్తున్నది. ఇక్కడ నేనూ మీ నాన్నా బాగానే ఉన్నాం. కొత్త పళ్లసెట్టు పెట్టించుకున్నప్పటి నుంచి ఆయన అయినదానికీ కానిదానికీ నవ్వుతున్నారు. అక్కడ నువ్వూ అల్లుడూ పాపా కులాసా అని తలుస్తాను.

పాపకు ఆరేళ్లు నిండాయనీ, కింది దవడ చివర కొత్త పన్ను తొంగిచూస్తోందనీ రాశావు. చదువుతుంటే నేను పనిచేసిన మన పళ్ల డాక్టరుగారి క్లినిక్కు కళ్లముందు మెదిలింది. బడి వదలగానే సంచీతో సహా వచ్చి నా బల్ల పక్కన పీట మీద కూర్చునేదానివి. డాక్టరుగారు చిన్న అద్దం పెట్టి చూస్తూ, "పైన కుడి ఆరు, బాగుంది. ఏడు, పుచ్చు" అని పాఠం అప్పజెప్పినట్టు చెప్పుకుపోయేవారు. కార్డు మీద పళ్ల బొమ్మలో నేను పుచ్చుకు ఎర్ర పెన్సిలు, సిమెంటు పెట్టినదానికి నీలం, లేని పన్నుకు ఇంటూ గుర్తు వేసేదాన్ని. ఎదుటి మనిషి కుడివైపు కాగితం మీద ఎడమకు వస్తుందని నీకు ఏడేళ్లకే తెలుసు. ఒకసారి నేను తడబడితే, "అమ్మా, అటు కాదు, ఆయన కుడి!" అని అరిచావు. "రేపట్నుంచి ఈ పిల్లే రాస్తుందిలే, నువ్వు ఇంటికెళ్లి పడుకో," అన్నారు డాక్టరుగారు. కుర్చీలో ఉన్న పెద్దాయన నవ్వు ఆపుకోలేక అద్దం కొరికేశారు.

పన్ను మీద గాలి ఎందుకు ఊదుతారని ఉత్తరంలో అడిగావు. తడి ఉంటే తొలి పుచ్చు కనిపించదు. ఆరితే సుద్దలాంటి తెల్లమచ్చగా బయటపడుతుంది. అప్పుడే పట్టుకుంటే పన్ను దక్కుతుంది.

ఇక నీ రెండో ప్రశ్న. అక్కడి డాక్టరు, "కింద ఎడమవైపు ఆరో పన్ను ఎలా పోయింది?" అంటే, అమ్మను అడిగి చెబుతానన్నావట. ఫోనులో చెబుదామనుకున్నాను, నోరు రాలేదు.

నీకు ఏడున్నరేళ్లప్పుడు, ఎవరూ లేని ఒక మధ్యాహ్నం మన డాక్టరుగారు నిన్ను ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టారు. "కింద ఎడమ ఆరు. గాడిలో మచ్చ. మూడు నెలల్లో మళ్లీ చూద్దాం," అన్నారు. రాసుకున్నాను. అందరి కార్డులూ తేదీల వారీగా అరలో ఉండేవి. గడువు రాగానే తీసి కబురు పెట్టేదాన్ని. నీ కార్డు మాత్రం ముద్దుకొద్దీ నా సొరుగులో పెట్టుకున్నాను. అరలో లేని కార్డుకు వంతు రాలేదు. దీపం కిందే చీకటి అంటారే, అదీ నా సంగతి.

ఏడాదిన్నర తర్వాత బుగ్గ వాచి ఏడుస్తూ వచ్చావు. డాక్టరుగారు అద్దం పెట్టి చూశారు. "ఏం మిగల్లేదమ్మా. తీసెయ్యాలి," అన్నారు. తీశాక, దూది కరుచుకునే అడిగావు.

"అమ్మా, మళ్లీ వస్తుందా?"

"పాలపన్నేగా. వస్తుందిలే," అన్నాను.

అది పాలపన్ను కాదు తల్లీ. ఆరేళ్లకు వచ్చి జన్మంతా ఉండాల్సిన పన్ను. డాక్టరుగారు చేతులు కడుక్కుంటూ నా వంక ఒకసారి చూశారు, అంతే.

రోజూ పొద్దున్నే కిటికీ దగ్గర నా చేతి అద్దం పట్టుకుని నోరు తెరిచేదానివి. "గట్టిగా తగులుతోందమ్మా. వస్తోంది కదూ?" అనేదానివి. వస్తోందనేదాన్ని. అలా ఎన్ని నెలలో! చివరికి ఒకరోజు అడగడం మానేశావు. అమ్మయ్య అనుకున్నాను. పన్ను పోగొట్టినందుకన్నా ఆ అమ్మయ్యకే నాకు సిగ్గు.

పోయిన నెల డాక్టరుగారు క్లినిక్కు మూసేశారు. నేను సామాను సర్దుకుంటుంటే నా చేతిలో నీ కార్డు చూశారు.

"పిల్లకి చెప్పావా?"

"లేదండీ."

"చెప్పమ్మా. దానికీ ఓ కూతురుందిగా."

అందుకే ఆ కార్డు ఈ ఉత్తరంతో పంపుతున్నాను. మీ డాక్టరుకు చూపించు. ఈ వారమే పాపనూ తీసుకెళ్లు. మళ్లీ ఎప్పుడు రమ్మంటారో అడిగి, నువ్వే స్వయంగా రాసుకో. పన్ను ఎలా పోయిందని అడిగితే, మా అమ్మ మరిచిపోయిందని చెప్పు. కోపం వస్తే నాలుగు పేజీలు తిట్టు, కూర్చుని చదువుకుంటాను. రాయడం మాత్రం మానకు.

ఇట్లు,
ఇన్నాళ్లకు నిజం చెప్పుకున్న
మీ అమ్మ