కట్టని చేతులు

ప్రియమైన అన్నయ్యకి,

నువ్వూ వదినా పాపా బాగున్నారని తలుస్తాను. నేనూ బాగానే ఉన్నాను, ఎడమ కన్ను కమిలి మూసుకుపోయింది తప్ప. కంగారుపడకు. కొట్టింది రోగే.

మా ఐసీయూలో పరిశోధన నడుస్తోందని చెప్పాను కదా. గొంతులో గొట్టం వేసి వెంటిలేటర్ మీద పెట్టిన మనిషి, సగం తెలివి రాగానే ఆ గొట్టం లాగేసుకోబోతాడు. అందుకని చేతులు మంచానికి కట్టేస్తారు. అలా కట్టడం మేలు చేస్తోందా, మనిషిని ఇంకా బెదరగొడుతోందా అన్నది మేం తేల్చాలి. కొందరిని కడతాం, కొందరిని కట్టం. ఎవరు ఎటన్నది చీటీ తీసినట్టు కంప్యూటర్ చెబుతుంది. కట్టనివాళ్ళ పక్కన నర్సుగా నేను కూర్చుని, ఎప్పుడెప్పుడు తిరగబడ్డారో చూస్తుంటాను.

నాలుగో మంచంలో ఉన్నతను నువ్వు వార్డరుగా ఉన్న జైలు నుంచే వచ్చాడు. పుర్రె చిట్లింది, పక్కటెముకలు విరిగాయి, ఛాతీలో రక్తం నిండింది. వాళ్ళమ్మ ఒప్పుకున్నాక చేర్చుకున్నాం. కంప్యూటర్‌లో 'కట్టొద్దు' అని వచ్చింది. నిన్న కళ్ళు తెరుస్తూనే నన్ను గుద్దాడు.

అతనికి ఏమైందో నీకు తెలిస్తే రాయి. వైద్యానికి పనికొస్తుంది.

ఉంటాను మరి,
నీ చెల్లెలు

*

బుడంకాయ్‌కి దీవెనలు.

నీ కన్ను సంగతి విని మీ వదిన ఒకటే గొడవ, ఉద్యోగం మానేయమని రాయమంటోంది. నేను మాత్రం నవ్వుకున్నాను. చిన్నప్పుడు నన్ను కొరికిన పాపం ఊరికే పోతుందా?

వాడు మెట్ల మీద నుంచి పడ్డాడు. ఆ రోజు నాకు సెలవు, విన్నదే చెబుతున్నాను. మహా పొగరుబోతు, నోరు తెరిస్తే ఎదురు సమాధానం. కట్టెయ్. నా నౌకరీలో నేను నేర్చుకున్నది అదొక్కటే. మీ కంప్యూటర్‌కి దెబ్బలు తగలవు కాబట్టి దానికి అంత దయ.

ఇట్లు,
అన్నయ్య

*

ప్రియమైన అన్నయ్యా,

ఈసారి నా ముందు పన్ను పోయింది. సెలైన్ స్టాండు పీకి కొట్టాడు. ఆ పెనుగులాటలో గొట్టం ఊడిపోయి అతని ముఖం నల్లబడింది. నేల మీది నెత్తురులో నాదేదో అతనిదేదో తెలియలేదు. గొంతులో పొంగుతున్న రక్తం తీసి మళ్ళీ గొట్టం వేసేసరికి డాక్టరమ్మకి చెమటలు పట్టాయి. ఎలాగో బతికాడు.

ఒక్కటి అంతుపట్టడం లేదు. ఇంకెవర్నీ ఏమీ అనడు. ఆయా ఒళ్ళు తుడిస్తే పసిపిల్లాడిలా పడుకుంటాడు. డాక్టరమ్మ సూది గుచ్చినా కదలడు. నేనైనా మాస్కు పెట్టుకుని కూర్చుంటే నా చెయ్యి పట్టుకుని నిద్రపోతాడు. మంచినీళ్ళు తాగడానికి మాస్కు కిందికి లాగితే చాలు, ముందు రెండు చేతులతో తల కప్పుకుంటాడు, ఆ వెంటనే మీద పడతాడు.

"నీ మొహం చూస్తే ఎవరికైనా కొట్టబుద్ధేస్తుందిలే" అని ఆయా వేళాకోళం. నవ్వితే పెదవి కుట్లు లాగాయి.

కట్టేసి పరిశోధన నుంచి తీసేద్దామని డాక్టరమ్మ అంటోంది. ఇంకొంచెం చూద్దామని నేనే బతిమాలాను.

నీ చెల్లెలు

*

చెల్లీ,

ఆ మంచం దగ్గరికి వెళ్ళకు. పెద్దవాణ్ణి చెబుతున్నాను, విను. చేతులు కట్టించు, మందిచ్చి పడుకోబెట్టించు. ఒక్క మనిషి లేకపోతే మీ పరిశోధన ఆగిపోదు. గొట్టం తీస్తే వాడు ఏదేదో వాగుతాడు. బుర్ర చెడినవాడి మాటలు పట్టించుకోవద్దని మీ డాక్టరమ్మకి చెప్పు.

నాకు ఆడపిల్ల ఉంది. అది మర్చిపోకు.

అన్నయ్య

*

అన్నయ్యా,

గొట్టం తీశాం. ఇవాళ నా చేతులు రెండూ అతనికి కనబడేలా మంచం కమ్మీ మీద పెట్టి, కావాలనే మాస్కు తీశాను. అతను తల కప్పుకున్నాడు.

"నేను నర్సుని. కొట్టను" అన్నాను.

చాలాసేపు నా ముఖంలోకి చూశాడు. "నీకు అన్న ఉన్నాడా?" అని అడిగాడు.

ఉన్నాడన్నాను.

"నీళ్ళడిగాను. అంతే" అన్నాడు.

మిగతాది ఆగి ఆగి చెప్పాడు. ఇద్దరు పట్టుకుని అతని చేతులు వెనక్కి కట్టారట. నువ్వు లాఠీ విరిగేదాకా కొట్టావట. విరిగాక బూటుతో గుండెల మీద తొక్కావట. సెలవన్నావు కదా అన్నయ్యా.

మనిద్దర్నీ ఒకే అచ్చులో పోశారని అందరూ అంటుంటే నేను మురిసిపోయేదాన్ని. చావు అంచు నుంచి అతను కళ్ళు తెరిచిన ప్రతిసారీ, నీ ముఖంతో అతని మీదికి వంగింది నేనే.

అతని వాంగ్మూలం తీసుకోవడానికి మేజిస్ట్రేటుగారు రేపు వస్తున్నారు. అతను చెప్పాక నన్నూ అడుగుతారు. నువ్వంటే నాకు ప్రాణం. నీకు ఆడపిల్ల ఉందన్నావు, అదీ మర్చిపోలేదు. అయినా చెబుతాను. నీ ఉత్తరాలు కూడా ఇస్తాను.

అతని దగ్గర డ్యూటీ ఇంకా నాదే. ఇక నుంచి మాస్కు లేకుండానే కూర్చుంటాను, ఈ ముఖం కొట్టదని అతనికి నమ్మకం కుదిరేదాకా.

నీ చెల్లెలు