గేటు ముందు సున్నం గీత

అక్కా,

ఒకే ఊళ్ళో, రెండు బస్‌స్టాపుల దూరంలో ఉండి ఉత్తరం రాయడమేమిటని నవ్వుతావు. నవ్వు. ఎదురుగా వచ్చి చెబుదామని మీ లాండ్రీ దాకా వచ్చాను. అద్దం తలుపులోంచి నువ్వు ఎవరిదో దుప్పటి మడతపెడుతూ కనిపించావు. చూసి వెనక్కి వచ్చేశాను. ఫోను చేస్తే నువ్వు ముందు "తిన్నావా?" అంటావు, ఆ మాటతో నా నోరు మూతపడుతుంది. కాగితమైతే అలాంటివి అడగదు.

ముందే చెప్పేస్తాను. పాత బస్ షెడ్డు స్థలంలో కట్టాల్సిన తక్కువ అద్దె ఇళ్ళు ఈ ఏటి బడ్జెట్‌లోంచి ఎగిరిపోయాయి కదా. మీ లాండ్రీలో అందరూ మున్సిపాలిటీని తిడుతున్నారని విన్నాను. తిట్టాల్సింది నన్ను. ఆ ఇళ్ళను తీయించింది నేనే. నువ్వు కూడా దరఖాస్తు పెట్టుకున్నావని తెలిసే తీయించాను.

ఊరి బడ్జెట్ ముసాయిదా మా విభాగమే రాస్తుందని నీకు తెలుసు. రోడ్లకెంత, నీళ్ళకెంత, మురుగుకెంత, ఇళ్ళకెంత అని మేం పంచి పెడితే కౌన్సిల్ దాని మీద పోట్లాడుకుంటుంది. ఈసారి ఇళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఉప్పూ నిప్పూలా ఉండేవాళ్ళు కూడా కలిసి, కట్టాల్సిందేనని బల్లలు చరిచారు. అప్పుడు నేను లేచాను. "ఆ స్థలం కింద మురుగు పైపు సన్నదండీ. అన్ని కుటుంబాలు వస్తే కాలనీ అంతా మురుగు ఎగదన్నుతుంది" అన్నాను. పచ్చి అబద్ధం. నేను మురుగు పనులు చూసే రోజుల్లో ఆ పైపు వేయించింది నేనే. ఎప్పటికైనా ఇక్కడ ఇళ్ళు వస్తాయి, ఇప్పుడే వెడల్పుది వేద్దామని అప్పటి పెద్ద ఇంజనీరుతో గొడవపడి మరీ వేయించాను. మీ లాండ్రీ బట్టల గంప అందులో దొర్లుకుంటూ పోతుంది, అంత పైపు అది. కొత్త ఇంజనీరు పాత డ్రాయింగులు తెప్పిస్తానంటే ఛైర్మన్ గారే ఆపారు. "వేయించిన మనిషే చెబుతుంటే డ్రాయింగులెందుకయ్యా?" అన్నారు. నా మీద అంత నమ్మకం.

ఎందుకు చేశానో నువ్వు అడగవు. అయినా రాస్తాను. మేం ఈ ఇంట్లో దిగిన కొత్తలో నువ్వు నా చొక్కాలు ఇస్త్రీ చేసి మూటకట్టి తెచ్చావు. గేటు దగ్గర పక్కింటి మేనేజరు గారి భార్య నాతో మాట్లాడుతోంది. మూట చూసి, "జతకెంత తీసుకుంటావమ్మా?" అని నిన్ను అడిగింది. "ఈవిడ మా అక్కండి" అనాలి నేను. నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. నువ్వు నా మొహం ఒక్కసారి చూశావు. ఆవిడకు ధర చెప్పావు. మూట నా చేతిలో పెట్టి, "డబ్బులు తర్వాత ఇవ్వండి సార్" అన్నావు.

సార్ అన్నావు నన్ను. ఆ రోజు నుంచి నువ్వు ప్రతి వారం పక్కింటి గేటు దాకా వచ్చి, వాళ్ళ బట్టలు తీసుకుని, మా గేటు వంక చూడకుండా వెళ్ళిపోతున్నావు. మీ మరదలు పొద్దున్నే డ్యూటీకి పోతుంది కనక ఇదేమీ చూడలేదు. "వదిన మన ఇంటికి రావడం మానేసిందేం?" అంటే, పనెక్కువట అని చెబుతాను. నా చొక్కాలు నీకు పంపడం మానేశాను. నలిగినవే వేసుకుంటున్నాను. బస్ షెడ్డులో ఇల్లొస్తే నువ్వు మా వెనక వీధిలోనే ఉంటావు. పాల దగ్గర, బస్సు దగ్గర ఎవరో ఒకరికి తెలుస్తుంది. ఆ భయం తప్ప ఇంకే కారణమూ లేదక్కా. కాలనీలో ఒక్కరు కూడా ఇళ్ళు వద్దనలేదు. మేనేజరు గారి భార్య అయితే, "వస్తే బాగుండేదండీ, పనివాళ్ళు దగ్గర్లో దొరికేవాళ్ళు" అంది.

ఇప్పుడు అసలు సంగతి విను. ఇళ్ళను వాయిదా వేసి ఊరుకుంటారనుకున్నాను. కౌన్సిల్ వారు నా మాట మీద గౌరవంతో, ఇళ్ళ డబ్బు మొత్తం ఆ పైపును పెద్దది చేయడానికి మార్చారు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నాను. నిన్న సాయంత్రం ఇంజనీరు మనుషులు వచ్చి, ఆ పైపు పోయే దారి వెంట, సరిగ్గా మా గేటు ముందు నుంచి సున్నంతో గీత గీశారు. వచ్చే వారం తవ్వుతారు. తవ్వగానే అంత లావు పైపు అందరికీ కనిపిస్తుంది. ఎవరు తీసిన గోతిలో వారే పడతారంటారు, నా గొయ్యి మాత్రం ఊరి ఖర్చుతో తీస్తున్నారు.

ఆ పైపు వేసిన పాత కాంట్రాక్టరు లెక్క తప్పు చెప్పాడని తోసేయవచ్చు. ఆయన ఇప్పుడు ఊళ్ళో లేడు కూడా. రాత్రి నుంచి అదే ఆలోచన. ఆ ఆలోచన వచ్చినందుకు కూడా సిగ్గుగా ఉంది. ఏం చేయమంటావు?

నీ చిన్నోడు

* * *

చిన్నోడా,

తిన్నావా? కాగితం కూడా అడుగుతుంది.

ఆ రోజు గేటు దగ్గర నేనేదో నీ పరువు కాపాడానని అనుకుంటున్నట్టున్నావు. అంత గొప్ప మనసేం కాదురా నాది. నోరు తెరిస్తే ఏడుపొచ్చేలా ఉంది. ఏడుపు బదులు ఏదో ఒకటి రావాలి కదా, ధర వచ్చింది. తర్వాత ఇంటికెళ్ళి నిన్ను తిట్టిన తిట్లు గోడ అవతల ఉండే మా ఇల్లుగలావిడకి వినిపించాయి. ఎవర్నే అంత తిడుతున్నావంటే, ఇస్త్రీ పెట్టెనని చెప్పాను.

బళ్ళో కిటికీ అద్దం నువ్వు పగలగొడితే, నేను పగలగొట్టానన్నాను. పరీక్ష తప్పితే, నీకు జ్వరమొచ్చిందన్నాను. అదీ నేను చేసిన తప్పు. ఈసారి క్షమించమని నన్ను అడగకు. నేను క్షమిస్తే ఏమొస్తుంది? మా లాండ్రీలో గుండీలు కుట్టే పిల్ల అత్తగారితో, ఇద్దరు పిల్లలతో ఒక్క గదిలో ఉంటోంది. ఉతికే పెద్దాయన దుకాణం వెనక బట్టల మూటల మధ్య పడుకుంటాడు. వాళ్ళకు ఇల్లొస్తుందా నా క్షమాపణతో?

అబద్ధం ఏ హాల్లో చెప్పావో నిజం ఆ హాల్లోనే చెప్పు. కాంట్రాక్టరు మీద తోశావో, గునపం పట్టుకుని నేనే వచ్చి మీ గేటు ముందు తవ్వుతాను.

అక్క

* * *

అక్కా,

చెప్పేశాను.

ఈ రోజు కౌన్సిల్లో ముందు వీధి దీపాల గొడవ నడిచింది. ఇంజనీరు లేచి తవ్వకం సంగతి ఎత్తగానే గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేనూ లేచి నిలబడ్డాను. ఆయన ఇంకా నా పేరే ఎత్తలేదు. పైపు సన్నది కాదని, నాకు ముందే తెలుసని, కావాలనే అబద్ధం చెప్పానని చెప్పాను. అందరూ నోళ్ళు తెరిచారు. ఛైర్మన్ గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, "మీరా?" అన్నారు. తిట్టినా బాగుండేది.

ఎందుకు చేశారని అడిగారు. దాచలేదక్కా. నీ సంగతి కూడా చెప్పాను. ఇళ్ళ డబ్బు ఇళ్ళకే తిరిగి వచ్చింది. బస్ షెడ్డులో ముందు అనుకున్నట్టే కడతారు. నన్ను బడ్జెట్ పని నుంచి తప్పించారు, విచారణ ఉంటుంది. ఉండనీ. ఇంటికొచ్చి మీ మరదలికి అంతా చెప్పాను. అన్నం పెట్టి పక్క గదిలోకి వెళ్ళిపోయింది. గేటు ముందు సున్నం గీత ఇంకా కనిపించింది. కాలితో చెరిపేశాను. చాన్నాళ్ళకు గుండె మీద బరువు దిగింది. ఇక మన ఇంటికి రా.

నీ చిన్నోడు

* * *

చిన్నోడా,

ఇళ్ళు తిరిగొచ్చినందుకు మా వాళ్ళంతా సంతోషంగా ఉన్నారు. పెద్దాయన నీ గురించి మంచిమాటే అన్నాడు. ఉద్యోగం పోతుందని తెలిసీ చెప్పాడంటే మగాడేనమ్మా అన్నాడు. నేను ఊ కొట్టాను.

నీకు తెలియనిది ఒకటి చెబుతాను. నిన్న కౌన్సిల్ ఉందని విని, లాండ్రీకి సెలవు పెట్టి నేనూ వచ్చాను హాలుకి. వెనక, జనం కూర్చునే బెంచీల్లో, స్తంభం పక్కన కూర్చున్నాను. నువ్వు నలిగిన చొక్కాతో నిలబడ్డావు. కాలరు ఒక పక్కకు లేచి ఉంది. సర్దుదామని చెయ్యి లేచింది, దూరంగా ఉన్నాను కనక సరిపోయింది.

పైపు సంగతి బాగా చెప్పావు. చివరిదాకా నిలబడ్డావు. నా కళ్ళు నిండాయి. తర్వాత ఛైర్మన్ గారు ఎందుకని అడిగితే, నువ్వన్నది నా చెవులారా విన్నాను. "దరఖాస్తు పెట్టుకున్నవాళ్ళలో నా బంధువు ఒకరున్నారండీ, వాళ్ళు మా దగ్గర్లో ఉండటం నాకు ఇబ్బందనిపించింది" అన్నావు.

బంధువుట. ఉద్యోగం పోగొట్టుకోవడానికి సిద్ధపడ్డావు కానీ, ఆ మాట మాత్రం నీ నోట రాలేదు. నా పక్కన కూర్చున్నావిడ, "ఎవరో పాపం ఆ బంధువు" అంది. అవును పాపం అన్నాను నేనూ.

వేళకు తిను.

ఇట్లు,
నీ బంధువు

* * *

మేనేజరు గారి శ్రీమతి గారికి నమస్కారాలు.

గోడ అవతలి నుంచి పిలిస్తే పలికే దూరంలో ఉండి ఈ ఉత్తరమేమిటని మీరు అనుకోవచ్చు. ఎదురుగా వస్తే నా నాలుక మళ్ళీ మడత పడుతుందని భయం. అందుకే రాస్తున్నాను.

వారం వారం మీ ఇంటికి వచ్చి బట్టలు తీసుకెళ్ళే ఆవిడ మా అక్క. దూరపు బంధువు కాదు, వరసకు అక్క కాదు. ఒక తల్లి కడుపున పుట్టాం. మా అమ్మానాన్నలు పోయాక నన్ను చదివించింది ఆమె ఇస్త్రీ పెట్టె. మీరు మొదటిసారి ధర అడిగినప్పుడు నేను ఆమె పక్కనే ఉండి ఈ మాట చెప్పలేదు.

ఇంకొకటి ఆమెకు కూడా తెలియదు. ఒకసారి మీ చీర అంచు మాడిందని మీరు గోడ మీద నుంచి నాతో చెప్పుకున్నారు, గుర్తుండే ఉంటుంది. "ఈ పనివాళ్ళంతేనండీ" అన్నాను. అన్నది నేను, అన్నది ఆమెను. ఆ మాట నన్ను పడుకోనివ్వడం లేదు.

ఈ ఉత్తరానికి నకళ్ళు తీసి ఒకటి ఛైర్మన్ గారికి, ఒకటి మా అక్కకు పంపుతున్నాను. హాల్లో నేను చెప్పిన బంధువు ఎవరో ఆయనకూ తెలియాలి. ఆమె ఈసారి మీ గేటు దగ్గరికి వచ్చినప్పుడు నేను మా గేటు తీసి బయటే నిలబడి ఉంటాను. లోపలికి వస్తుందో రాదో ఆమె ఇష్టం. రాకపోతే అడిగే హక్కు నాకు లేదు.

బస్ షెడ్డు ఇళ్ళు పూర్తయి ఆమెకూ ఒకటొస్తే మన పొరుగున ఉంటుంది. పొరుగు కదా అని ధర తగ్గించమనకండి. తగ్గించదు. నాకూ తగ్గించదు.

ఇట్లు,
మీ బట్టలు ఇస్త్రీ చేసే ఆవిడ తమ్ముడు