తలుపు ఇవతలి మాటలు

థండర్ బే,
నవంబరు

ప్రియమైన రేయోకి,

ఈ ఉత్తరం అందేసరికి నీ ఓడ ఏ రేవులో ఉంటుందో తెలియదు. చదివాక కోపం వస్తే నువ్వు వండే ఓడ వంటింట్లో గిన్నెల మీద చూపించు. పాపం, ఆ ఓడవాళ్ళ సూపులో ఉప్పు గుమ్మరించకు.

సరస్సులు గడ్డకట్టి ఓడలు ఆగిపోయాక, జనవరిలో నువ్వు ఇంటికి వచ్చేసరికి నేనిక్కడ ఉండను. కెనోరాలో మా చెల్లెలు మార్యా దగ్గరికి వెళ్ళిపోతున్నాను. తిరిగి వస్తానని మాట ఇవ్వలేను.

పోయినసారి వచ్చినప్పుడు, "ఎవడైనా ఉన్నాడా ఐలా? ఉంటే చెప్పెయ్, తట్టుకుంటాలే" అన్నావు. ఎవడూ లేడు. ఈ వయసులో నా మొహానికి ఎవడు దొరుకుతాడు! మీ అమ్మ ఇచ్చిన కెటిల్ పారేశానని రెండు రోజులు ముభావంగా తిరిగావు. ఆవిడ మీద నాకే కోపమూ లేదు. ఎందుకు పారేశానో నీకు చెప్పకూడదు, అంతే.

ఆ హత్యకేసులో తీర్పు చెప్పే జ్యూరీలో కూర్చుని వచ్చాక నాకు నిద్ర లేదు. తీర్పు చెప్పిన రోజు జడ్జిగారు మా పన్నెండుమందికీ ధన్యవాదాలు చెప్పి, లోపలి సంగతులు ఎవరితోనూ ఎప్పటికీ చెప్పకూడదు, చెబితే నేరం అన్నారు. అప్పటినుంచి నోరు కట్టేసుకున్నాను. కత్తెర పట్టుకుంటే నోరు ఆగని దాన్ని కదా, మా పార్లర్‌కి వచ్చే హెల్వీ కూడా "ఏమే, జుట్టుతోపాటు నీ నాలుకా కత్తిరించుకున్నావా?" అంటోంది. ఆమెని నవ్వి తప్పించుకుంటాను. నిన్నెలా తప్పించుకోను? నీ పక్కన పడుకుని రోజూ అబద్ధం ఆడేకన్నా దూరంగా ఉండటమే నయం.

నీ
ఐలా

థండర్ బే,
డిసెంబరు

రేయో, నా రేయో,

నీ జవాబు అందింది. ఒక్క వాక్యమే రాశావు: "వెళ్ళేముందు ఎవరితోనైనా మాట్లాడు, నాతో కాకపోయినా సరే." అది పట్టుకుని చాలాసేపు ఏడ్చాను. తర్వాత, జ్యూరీలో కూర్చున్నవాళ్ళ మనసు కుదుటపడటానికని కోర్టువాళ్ళు ఇచ్చిన నంబరుకి ఫోన్ చేశాను. డోరీన్ అనే మానసిక వైద్యురాలి దగ్గరికి పంపారు.

"నేనేమీ చెప్పకూడదండీ" అన్నాను కూర్చోగానే.

"విచారణ జరిగేటప్పుడు వెనక బెంచీల మీద ఎవరున్నారు?" అని అడిగిందావిడ.

"జనం. పేపరువాళ్ళు."

"వాళ్ళు ఊరంతా చెప్పుకోవచ్చు గానీ, నువ్వు కట్టుకున్నవాడికి చెప్పుకోకూడదా? జడ్జి వద్దన్నది మీరు పన్నెండుమందీ తలుపేసుకుని మాట్లాడుకున్న మాటలనే తల్లీ. ఆ మాటలు కూడా నాలాంటి వైద్యులకి చెప్పుకోవచ్చని చట్టం మారింది."

నాకు సిగ్గేసింది, నవ్వొచ్చింది, ఆమె ఎదుటే వెక్కి వెక్కి ఏడ్చాను. ఎవరూ వెయ్యని శిక్ష నాకు నేనే వేసుకున్నాను. నీకూ వేశాను.

అందుకే ఇప్పుడు చెబుతున్నాను. చనిపోయిన అమ్మాయి సాయం కోసం చేసిన ఫోన్ రికార్డు కోర్టులో అందరి ముందూ మళ్ళీ మళ్ళీ వినిపించారు. ఆమె బతిమాలుతోంది, వెనక పొయ్యి మీద కెటిల్ కూత పెడుతోంది. ఆమె గొంతు ఆగిపోయింది. కూత ఆగలేదు. దాన్ని దించేవాళ్ళు లేరు రేయో. మన వంటింట్లో మీ అమ్మ ఇచ్చిన కెటిల్ కూసినప్పుడల్లా నాకు ఆ అమ్మాయే వినిపించేది.

తలుపేసుకున్న ఆ జ్యూరీ గదిలో నేనేమన్నానో డోరీన్‌కి చెప్పాను. నీకు మాత్రం ఎప్పటికీ చెప్పలేను. నాలో నీకు తెలియనిది ఇక ఆ ఒక్కటే. అడగకుండా ఉండగలవా? ఉండగలవనే నమ్మకంతో, రావడం లేదని మార్యాకి చెప్పేశాను.

త్వరగా రా. నువ్వు కోటు విప్పేదాకా కూడా ఆగను, గుమ్మంలోనే కబుర్లు మొదలుపెడతాను.

ఎప్పటికీ నీ
ఐలా