వెలగని తెర

2004 మార్చి, గురువారం. ఆళ్లగడ్డ.

ఈరోజు నంద్యాలలో మా పిల్లలకు కంప్యూటర్ ప్రాక్టికల్స్ జరిగాయి. మా కాలేజీలో ఉన్న కంప్యూటర్లను కరస్పాండెంట్ అమ్మేసి రెండేళ్లయింది. అప్పటినుంచి అట్టల మీద కీబోర్డు గీసి, దానిమీదే పిల్లల వేళ్లు ఆడిస్తున్నాను.

లింగమ్మది నల్లమలలో గూడెం. ఈరోజు ఆమె ముందున్న మానిటర్ ఆన్ చేసి లేదు. అడిగితే నవ్వుతారని భయపడి, ఆ నల్లని తెర ముందే తలవంచుకుని ప్రోగ్రామంతా కొట్టింది. నేను కిటికీ బయటే నిలబడాల్సి వచ్చింది. ఎగ్జామినర్ ఆమె వెనకే ఉండి, పక్కవాళ్లకు సైగ చేసి నవ్వించాడు. టైమయ్యాక మానిటర్ స్విచ్ నొక్కాడు. ప్రోగ్రామ్ మొత్తం కనిపించింది.

"రన్ చేయల్యా గదమ్మా, మార్కులు యాడివి?" అంటూ కంప్యూటర్ ఆపేశాడు.

బస్సులో లింగమ్మ అడిగింది. "ఆడ కనపడింది నేను కొట్టిందేనా సార్?"

"నువ్వు కొట్టిందేమ్మా. ఒక్క తప్పు లేదు."

"సరిగ్గా సూడకముందే ఆర్పేశినాడు సార్."



బస్సు దిగి నేరుగా కరస్పాండెంట్ ఇంటికి వెళ్లాను. జరిగిందంతా చెప్పి, ఒక్క కంప్యూటరైనా కొనమని అడిగాను.

ఆయన పడీపడీ నవ్వాడు. "తెర సూడకుండానే తప్పులేకుండా కొట్టిందంటివే! ఇంగ మనకు కంప్యూటర్లు ఏంటికప్పా?"

ఆయన ఇంటి గేటు దాటి బయటికొచ్చేదాకా నేనూ నవ్వుతూనే ఉన్నాను.